లైన్ల మనిషి

ఆదివారం పొద్దున వెంకటరామయ్య ఆఫీసుకు వచ్చేసరికి లింబాద్రి సైటు బూట్లు గుమ్మం పక్కన విడిచి, మేజోళ్ళతో నిలబడి ఉన్నాడు. వెంకటరామయ్యకు చికాకు వేసింది. బూట్లతోనే లోపలికి రావచ్చని పద్నాలుగేళ్ళుగా చెబుతున్నాడు, ఈ మనిషి వింటేనా.

వెంకటరామయ్య కాకినాడవాడు. ఒమన్ దేశం రుస్తాఖ్‌లో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీకి డాక్యుమెంట్ కంట్రోలర్. సైటు నుంచి వచ్చే ప్రతి కాగితానికీ నంబరు వేసి, ఉండాల్సిన చోట ఉంచడం ఆయన పని. కాగితం మీద లేనిది లోకంలోనూ లేదని ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని చూసే కంపెనీ ఫుట్‌బాల్ క్లబ్బుకు ఆయన్ని సెక్రటరీని చేశారు. బంతిని జన్మలో ఒక్కసారైనా తన్నిన పాపాన పోలేదు గాని, పద్నాలుగేళ్ళ మీటింగుల మినిట్సు మాత్రం ఒక్క కొట్టివేత లేకుండా రాశాడు.

లింబాద్రిది జగిత్యాల దగ్గర పల్లె. తాపీ మేస్త్రి. ఒమన్ వచ్చి పంతొమ్మిదేళ్ళు. ఇక చాలనుకుని కంపెనీకి రాజీనామా కాగితం ఇచ్చేశాడు. శనివారం ఫ్లైటు, మళ్ళీ రావడం లేదు. సెటిల్‌మెంటు సంగతి అడగడానికి వచ్చాడేమోనని వెంకటరామయ్య ఫైలు తీయబోయాడు.

"అది కాదు సార్. శుక్రారం క్లబ్బు ఫోటో దిగుతరట గద. అండ్ల నేను గూడ ఒక పక్కకు నిలవడొచ్చా?"

వెంకటరామయ్య చెయ్యి ఫైలు మీదే ఆగిపోయింది. ఇలాంటిది ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

"మా బిడ్డ రజిత నమ్ముతలేదు సార్," అన్నాడు లింబాద్రి నవ్వుతూ. "ఫుట్‌బాల్ క్లబ్బుల ఉన్న అంటె, బంతి తన్నెటోనికి గింత బొజ్జ ఎట్లొచ్చె అంటది. ఫోన్ల ఎప్పుడూ గిదే ముచ్చట. ఒక్క ఫోటో కొంటవోతే నోరు మూస్తది."

అడిగింది చిన్న విషయమే. కానీ వెంకటరామయ్యకు రూలు గుర్తొచ్చింది. రూలు గుర్తొచ్చాక ఆయనకు ఇంకేదీ గుర్తు రాదు. ఫోటో సభ్యులకే. ఏడో రూలు ప్రకారం ఆట మీద కూలి తీసుకునేవాడు సభ్యుడు కాడు. శుక్రవారం శుక్రవారం మైదానంలో సున్నంతో లైన్లు వేసేవాడు ఊరికే వేస్తాడా?

"నాదేం లేదయ్యా, రూలు అలా ఉంది," అన్నాడు.

"అయితె సరె సార్."

లింబాద్రి వాదించలేదు. బయటికి వెళ్ళి మెట్టు మీద కూర్చుని బూట్ల లేసులు కట్టుకున్నాడు. వేళ్ళ సందుల్లో సున్నం ఇంకా తెల్లగానే ఉంది. కిటికీలోంచి చూస్తున్న వెంకటరామయ్యకు, ఆ లేసులు కట్టడానికి మామూలుకన్నా ఎక్కువసేపు పట్టినట్టు అనిపించింది.

ఆ రూలు ఆయన సొంత తెలివి కాదు. ప్రాజెక్ట్ మేనేజర్ హార్డింగ్ ఇంగ్లండులో హాలోబెక్ అనే మిల్లుల ఊరివాడు. ఆ ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు 1879లో పుట్టింది. డబ్బు ముట్టకుండా, ఇష్టం కొద్దీ ఆడేవాళ్ళ క్లబ్బు. విక్టోరియా రాణి కాలం పోయింది, మిల్లులు మూతపడ్డాయి, క్లబ్బు మాత్రం అలాగే ఉంది. ఇక్కడ కంపెనీ క్లబ్బు పెట్టినప్పుడు హార్డింగ్ తన ఊరి క్లబ్బు పాత రూళ్ళ పుస్తకం తెచ్చి వెంకటరామయ్య చేతిలో పెట్టాడు. ఈయన పంతొమ్మిది రూళ్ళనూ కామా తీయకుండా దింపేశాడు. మైదానంలోకి గుర్రాలను తేరాదన్న రూలు కూడా అందులో ఉంది. మేకల మాట లేదు కాబట్టి రుస్తాఖ్ మేకలు నేటికీ గోలుపోస్టుల మధ్య మేస్తూనే ఉన్నాయి.

ఇప్పుడు హార్డింగ్ మరో పని అప్పజెప్పాడు. మార్చిలో హాలోబెక్‌లో క్లబ్బు చరిత్ర పుస్తకం విడుదల చేస్తారట. పాత మినిట్సు పుస్తకాలన్నీ స్కాను చేసి పంపారు. వాటిలోంచి ఏరి, ఏడాది ఏడాదిగా పేర్చి టైపు చేయాలి. డ్యూటీ అయ్యాక రోజూ రెండు గంటలు అదే పని. అప్పటి సెక్రటరీ ఎవరో గాని చేతిరాత గొలుసుకట్టు. చలి, మంచు, ఓడిన ఆటలు, టీ పార్టీలు, ఏదీ వదల్లేదు. వెంకటరామయ్యకు ఆ మనిషి తెగ నచ్చాడు. నూట నలభై ఏళ్ళ కిందటి తోటి ఉద్యోగి దొరికినట్టే ఉంది.

సోమవారం అట్ట మీది ఫోటో పని. 1887లో తీసింది. టోపీలతో పదకొండుమంది ఆటగాళ్ళు, వెనక కోట్లు తొడుక్కున్న కమిటీవాళ్ళు ఆరుగురు. కింద పేర్లు. కుడివైపు చివర మరో మనిషి ఉన్నాడు. చేతిలో బకెట్, ఎండకు ముఖం ఓరగా తిప్పుకున్నాడు. మనుషులు పద్దెనిమిది, పేర్లు పదిహేడు. అట్ట నలుచదరంగా రావాలి కాబట్టి ఆ పక్క కాస్త కోసేయమన్నాడు హార్డింగ్. వెంకటరామయ్య మౌసుతో గీత జరిపి, బకెట్ మనిషిని తీసేశాడు. ఫోటో పొందిగ్గా కుదిరింది. ఆయనకు తృప్తిగా కూడా అనిపించింది. ఆ మాట దాచి లాభం లేదు.

మంగళవారం 1891 దాకా వచ్చాడు. అప్పటికి ఆ మినిట్సులో ఒక మనిషి తరచూ తగులుతున్నాడు. 'లైన్ల మనిషి తెల్లవారకముందే వచ్చి మంచు మీద గడ్డి పరిచెను.' 'లైన్ల మనిషికి కొత్త బకెట్ ఇవ్వవలెను.' 'వాన వల్ల లైన్ల మనిషి రెండుసార్లు గీతలు వేసెను.' ఎక్కడో ఒకచోట పేరు రాకపోతుందా అని వెంకటరామయ్య పేజీలు తిప్పుతూ పోయాడు. మార్చి నెల మీటింగులో ఇలా ఉంది: 'లైన్ల మనిషి చనిపోయినందున మరొకరిని చూడవలెను.' దాని కిందే తరువాతి అంశం, కొత్త టోపీల రంగు. టోపీలకు పేజీన్నర పట్టింది. ఎవరు నీలం అన్నారో, ఎవరు ఎరుపు అన్నారో, పేరు పేరునా రాసి ఉంది.

వెంకటరామయ్య కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. పద్నాలుగేళ్ళలో మొదటిసారి ఒక సెక్రటరీ మీద ఆయనకు కోపం వచ్చింది.

ఆ సాయంత్రం అన్నం తింటూ భార్య సుగుణకు ఈ సంగతి చెప్పాడు. ఎంత అన్యాయమో చూడు, అన్నేళ్ళు చాకిరీ చేసిన మనిషి పేరు రాయడానికి చెయ్యి రాలేదు, అని బాధపడిపోయాడు. సుగుణ చారు వడ్డిస్తూ విన్నది.

"మరి మీ క్లబ్బులో లైన్లు ఎవరు వేస్తారండీ?"

"లింబాద్రి అని ఒకడున్నాడులే."

"అతని పేరు మీరు రాశారా?"

ఆవిడ మామూలుగానే అడిగింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఈయనే చారులో ఉప్పు ఎక్కువైందని విసుక్కున్నాడు. చారులో ఉప్పు సరిగ్గానే ఉంది.

బుధవారం పొద్దున్నే తన మినిట్సు ఫైళ్ళు దించాడు. మొదటి ఏడాది: 'మైదానంలో రాళ్ళు ఏరబడినవి.' రెండో ఏడాది: 'లైన్లు వేయబడినవి.' తుఫాను వచ్చిన ఏడాది, వానలకే పారే వాదీ అనే ఏరు పొంగి మైదానమంతా కొట్టుకుపోయింది. లింబాద్రి మూడు వారాలు, పని దిగాక రోజూ వెళ్ళి, తట్టలతో మట్టి మోసి మళ్ళీ చదును చేశాడు. అది వెంకటరామయ్య కళ్ళారా చూశాడు. ఫైల్లో మాత్రం 'మైదానం పునరుద్ధరించబడినది' అని ఉంది. కింద కృతజ్ఞతలు: నీళ్ళ ట్యాంకరు పంపినవారికి, రోలరు ఇచ్చినవారికి, హార్డింగ్ గారికి. చేతిరాత ఎంత అందంగా ఉందో, ఎక్కడా ఒక్క కొట్టివేత లేదు. లింబాద్రి కూడా లేడు.

అయినా కూలి తీసుకున్నాడు కదా అని మనసుకు సర్దిచెప్పుకున్నాడు. ఆ మాట కాగితం మీద చూసుకుంటే నిశ్చింతగా ఉంటుందనిపించి టైం ఆఫీసుకు నడిచాడు. హాజరు రాసే సమీయుల్లా హైదరాబాదువాడు. లింబాద్రి శుక్రవారాల ఓవర్‌టైం గంటలు చూడాలని అడిగితే అతను రిజిస్టరైనా తీయలేదు.

"జుమ్మా రోజు లింబాద్రి భాయ్‌కి ఓటీ ఎక్కడిది సార్? ఒక్క రోజు గూడ లేదు."

మొదటి ఏడాదే ఫోర్‌మన్ రెండు గంటలు వేశాడట. నెలాఖరున జీతం చీటీ మీద చూసుకుని లింబాద్రి తిరిగొచ్చాడు. కొట్టేయమన్నాడు. ఎందుకని అడిగితే చెప్పిన మాట సమీయుల్లాకు ఇంకా గుర్తుంది.

"'ఇది డ్యూటీ గాదు, ఇది మన ఆట' అన్నడు సార్. నేను అనుకున్న, వీడెవడో పాగల్ ఉన్నడు అని."

వెంకటరామయ్య తిరిగి ఆఫీసుకు ఎండలో నడిచాడు. దారిలో జెర్సీలు ఆరేసి ఉన్నాయి. ఆటగాళ్ళకు బూట్లు కంపెనీవి, జెర్సీలు కంపెనీవి. గెలిస్తే బిర్యానీ, మర్నాడు ఒక పూట సెలవు. పైసా ముట్టకుండా ఇష్టం కొద్దీ ఆడేవాడే సభ్యుడని రూలు చెబుతోంది. ఆ లెక్కన ఈ క్లబ్బులో నిఖార్సయిన సభ్యుడు ఒక్కడే ఉన్నాడు. వాణ్ణే తను గుమ్మం దగ్గర నిలబెట్టి పంపేశాడు. పనివాడు పనిచేశాడంటే డబ్బు తీసుకునే ఉంటాడని అడగకుండానే తీర్మానించుకున్నాడు. అదే ఏ ఇంజనీరో శుక్రవారం వచ్చి సున్నం చల్లి ఉంటే ఆ అనుమానం వచ్చేదా? రాదు. సేవ అని రాసి ఉండేవాడు, రెండు వాక్యాల్లో, పేరుతో సహా.

గురువారం హార్డింగ్ గదికి వెళ్ళి రూళ్ళ పుస్తకం, మినిట్సు ఫైలు, 1887 ఫోటో మూడూ వరసగా బల్ల మీద పెట్టాడు. ఇంగ్లీషులో బాగా రాయగలడు గాని మాట్లాడాలంటే ఆయనకు నోరు పెగలదు. అయినా మొత్తం చెప్పాడు. హార్డింగ్ చాలాసేపు ఫోటోనే చూశాడు. వెనక వరస మధ్యలో గర్వంగా నిలబడ్డ కమిటీ మనిషి ఆయన ముత్తాత. ఈ ఫోటో చిన్నప్పటి నుంచీ మా ఇంటి గోడ మీద ఉంది, ఆ చివరి మనిషి ఎవరని నేనెప్పుడూ అడగలేదు, అన్నాడు. ఆ తర్వాత, లింబాద్రి పద్నాలుగేళ్ళుగా సభ్యుడే, మనిద్దరమే ఆ సంగతి గమనించలేదు, అన్నాడు.

అట్ట మీద ఫోటో కోయకుండా వేద్దామా అని అడిగాడు వెంకటరామయ్య. వేస్తే కింద ఏం రాస్తావు, పేరు లేదే అన్నాడు హార్డింగ్.

"లేదనే రాద్దామండీ," అన్నాడు వెంకటరామయ్య.

పదిహేడు పేర్ల తరువాత ఆయన ఒక వాక్యం టైపు చేశాడు: 'కుడి చివర, లైన్ల మనిషి, ఇతని పేరు క్లబ్బు రాసుకోలేదు.' హార్డింగ్ అది రెండుసార్లు చదివి సంతకం పెట్టాడు.

శుక్రవారం తెల్లవారి వెంకటరామయ్య మైదానానికి వెళ్ళాడు. ఇన్నేళ్ళలో ఆట మొదలయ్యే వేళకు రావడమే గాని, ఇంత ముందు ఎప్పుడూ రాలేదు. కొండల మీద ఎండ అప్పుడే దిగుతోంది. మైదానమంటే గడ్డి కాదు, వాదీ ఒడ్డున రోలరుతో తొక్కించిన మట్టి. లింబాద్రి ఒక్కడే వంగి ఉన్నాడు. చేతిలో పన్నెండు మీటర్ల తాడు, మీటరు మీటరుకీ ముడి. మూలలో ఒక మేకు కొట్టి మూడు ముడుల దాకా ఒక వైపు, నాలుగు ముడుల దాకా ఇంకో వైపు లాగాడు. మిగిలిన అయిదూ ఏటవాలుగా బిగిస్తే మూల కచ్చితంగా కుదురుతుంది. గోడ కట్టేటప్పుడు మేస్త్రీలు మూల తీసే పద్ధతే అది.

"తాడు ఆ కొస పట్టుకోనా?" అన్నాడు వెంకటరామయ్య.

లింబాద్రి తలెత్తి చూసి ఆశ్చర్యపోయాడు గాని, కొస అందించాడు. తాడు వెంట దారం కట్టాడు. మగ్గుతో నీళ్ళు చిలకరించి, ఆ తడి నేల మీద, అడుగున చిల్లులు పొడిచిన నూనె డబ్బాతో సున్నం ఆడించుకుంటూ వెనక్కి నడిచాడు. నీళ్ళు ఎందుకని అడిగితే, తడి లేకపోతే గాలికి గీత లేచిపోతుందని చెప్పాడు. పద్నాలుగేళ్ళు ఆ గీత పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నా వెంకటరామయ్యకు ఆ సంగతి తెలియదు.

సగం మైదానం అయ్యాక ఆయన విషయం చెప్పాడు. పొరపాటు నాదే, నిన్ను అడగాల్సింది, అడగలేదు, ఇవాళ ఫోటోలో నువ్వు నిలబడాలి అన్నాడు. లింబాద్రి డబ్బా కింద పెట్టి, చేతులు దులుపుకుని, సరే సార్ అన్నాడు. అంతే. డబ్బా మళ్ళీ అందుకుంటూ అడిగాడు.

"వచ్చే శుక్రారం లైన్లు ఎవలు వేస్తరు సార్?"

"చూడాలి, మరొకర్ని..." అని వెంకటరామయ్య నాలిక కరుచుకున్నాడు. ఆ మాట ఎక్కడ చదివాడో గుర్తొచ్చింది. తాడు చుట్ట చుట్టి చంకలో పెట్టుకున్నాడు. "నేనే వస్తాలే. ఇది నా దగ్గర ఉండనీ."

ఆట పదింటికి అయింది. లింబాద్రి స్నానం చేసి, ప్రయాణానికని దాచుకున్న నీలం చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని వచ్చాడు. బజారు నుంచి వచ్చిన స్టూడియో ఫోటోగ్రాఫరు అందరినీ రెండు వరసల్లో సర్దుతున్నాడు. వెంకటరామయ్య మనసులో ఫోటో ముందే గీసుకున్నాడు. సున్నం బకెట్ స్వయంగా మోసుకొచ్చి లింబాద్రికి అందించబోయాడు.

"ఇది చేతిలో పట్టుకో. బావుంటుంది."

"బకెట్ ఎందుకు సార్?"

"నువ్వు చేసిన పని తెలియాలి కదయ్యా చూసేవాళ్ళకి."

లింబాద్రి వరసలో ఉన్నవాళ్ళను ఒకసారి చూశాడు. "హార్డింగ్ సార్ టేబుల్ వట్టుకొని నిలవడ్డడా సార్? నేను గూడ ఉత్తగనే నిలవడ్త."

అతని గొంతులో కోపం లేదు. హార్డింగ్ పక్కకు జరిగి చోటిచ్చాడు. లింబాద్రి రెండో వరసలో, గోల్‌కీపరు పక్కన, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. బకెట్ వెంకటరామయ్య చేతిలోనే ఉండిపోయింది. కింద పెట్టబోతే అక్కడ వద్దన్నాడు ఫోటోగ్రాఫరు, ముందు వరసవాళ్ళ కాళ్ళకు అడ్డమట. పక్కకు జరిగాడు. ఇంకొంచెం అన్నాడు. ఇంకొంచెం జరిగాడు. సెక్రటరీ గారు ఏటా ఎడమ నుంచి మూడోవాడిగా తెల్లచొక్కాతో నిలబడే చోటు ఖాళీగా ఉందని ఆయనకు గుర్తొచ్చేలోపే ఫోటో పడింది. మరొకటి తీయమని అడగబోయి, ఎందుకో ఊరుకున్నాడు.

శనివారం పొద్దున లేబర్ క్యాంపు ముందు మస్కట్ ఎయిర్‌పోర్టు బస్సు నిలబడి ఉంది. లింబాద్రి పెట్టెలు లోపలికి ఎక్కించేశారు. వెంకటరామయ్య గట్టి కవరులో ఫోటో తెచ్చి ఇచ్చాడు. కింద పేర్లన్నీ టైపు చేసిన చీటీ అంటించాడు. 'రెండో వరస, ఎడమ నుంచి అయిదు: బోనగిరి లింబాద్రి, తొలి ఏడాది నుంచి సభ్యుడు' అని ఉన్నదాన్ని ఇంగ్లీషులో చదివి, తెలుగులో చెప్పాడు. లింబాద్రి తన ముఖాన్ని చూసుకున్నాడు. చూసుకుని, చొక్కా గుండీలు సరిగ్గా ఉన్నాయో లేదో ఫోటోలోనే సరిచూశాడు. ఇక రజిత నోరు మూసినట్టే అన్నాడు. ఆ తర్వాత అతని వేలు ఫోటో చివరికి జరిగింది. అక్కడ గడియారం పెట్టుకున్న ఒక చెయ్యి, దాని కింద సగం బకెట్.

"గిది మీరే గద సార్?"

"నేనే."

"మీ పేరు లేదేంది?"

"చేతికి పేరెందుకులేవయ్యా."

"గట్లెట్ల సార్? మా ఊర్ల ఎవలన్న అడుగుతరు, గీ బకెట్ వట్టినాయిన ఎవలు అని. తెల్వదని చెప్పాల్నా? రాయుండ్రి. తెలుగుల రాయుండ్రి, రజిత చదువుతది."

డ్రైవరు హారన్ కొట్టాడు. వెంకటరామయ్య ఫోటో తిరగేసి, బస్సు మెట్టు మీద ఆనించి, జేబులోంచి కలం తీశాడు. తెలుగులో తన పేరు రాసి ఎన్నేళ్ళయిందో తెలియదు. ఒక్కో అక్షరమే పేర్చుకుంటూ రాశాడు. పేరు పక్కన హోదా రాసే అలవాటు కొద్దీ 'సెక్రటరీ' అని మొదలుపెట్టి, మొదటి అక్షరం దగ్గరే ఆగి, దాన్ని కొట్టేశాడు. ఆ పక్కన 'లైన్ల మనిషి' అని రాశాడు.

లింబాద్రి కూడబలుక్కుని చదివి నవ్వాడు.

"ఇంక శాన నేర్చుకోవాలె సార్. నిన్న తాడు వదులుగ వట్టిండ్రు."

సిరా ఆరేదాకా దాని మీద మెల్లగా ఊది, ఫోటోను కవరులో పెట్టుకుని బస్సెక్కాడు.